"హార్మోన్ టెస్టు రాయండి డాక్టర్ గారూ": స్వలింగ ఆకర్షణపై అపోహలు - వాస్తవాలు

ముందు అమ్మానాన్నలు లోపలికొస్తారు. అబ్బాయిని, ఒక్కోసారి అమ్మాయిని, బయట బెంచీ మీద కూర్చోబెడతారు. తండ్రి గోడ మీది క్యాలెండర్ వంక చూస్తూ ఉండిపోతాడు. తల్లే గొంతు తగ్గించి మొదలుపెడుతుంది: "ఏదైనా హార్మోన్ టెస్టు ఉంటే రాయండి డాక్టర్ గారూ." గుంటూరులో మానసిక వైద్యుడిగా ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అలాంటి టెస్టు లేదు. ఎందుకు లేదో చెప్పడానికి ఓపీలో దొరికే పావుగంట చాలదు. అందుకే రాస్తున్నాను. మనుషుల వివరాలన్నీ మార్చాను.

ముందుగా ఒక మాట పేచీ. మన పత్రికలు 'స్వలింగ సంపర్కులు' అని రాస్తాయి. సంపర్కం అంటే చేసే పని. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది ఇంతవరకూ ఎవరి చెయ్యీ పట్టుకున్నవాళ్లు కాదు. పెళ్లికాని కుర్రాడికి అమ్మాయిలంటే ఇష్టమని వాణ్ని 'స్త్రీ సంపర్కుడు' అంటామా? ఆకర్షణ వేరు, పని వేరు. సినిమాలు అలవాటు చేసిన 'తేడా' అనే మాట సంగతి ఎత్తకపోవడమే మేలు.

అపోహ: వాడే ఎంచుకున్నాడు, అంతా మొండితనం.

ఎవరితో బతకాలి, ఎవరికి చెప్పాలి, పెళ్లికి ఒప్పుకోవాలా వద్దా అన్నవి ఎంపికలు. ఎవరిని చూస్తే మనసు లాగుతుందన్నది ఎంపిక కాదు. ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో, తోటివాళ్లంతా హీరోయిన్ల గురించి మాట్లాడుకుంటుంటే తనకెందుకు ఏమీ అనిపించట్లేదో తెలియలేదని చెబుతారు. ఇదంతా వదిలించుకోవాలని వరుసగా మూడేళ్లు అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాడు నాకు తెలుసు. తను కోరి తెచ్చుకున్నదాని కోసం ఎవరైనా నలభై ఒక్క రోజులు నేల మీద పడుకుంటారా?

అపోహ: దీనికో జీన్ ఉంది, అంతా పుట్టుకే.

ఇది సానుభూతి ఉన్నవాళ్ల అపోహ. 1993లో అమెరికా జన్యు శాస్త్రవేత్త డీన్ హేమర్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఒక చోటును చూపించినప్పటి నుంచి 'గే జీన్' అనే మాట ఊరంతా తిరిగింది. 2019లో సుమారు 4.7 లక్షల మంది జన్యు సమాచారాన్ని పరిశీలించి చూస్తే అలాంటి ఒకే ఒక్క జీన్ లేదని తేలింది. ఒక్కోటీ కొంచెం కొంచెంగా పనిచేసే జన్యు తేడాలు చాలా ఉన్నాయి. అన్నీ కలిపినా మనుషుల మధ్య తేడాలో 8 నుంచి 25 శాతమే వాటి వాటా. వాటిని చూసి ఫలానా మనిషి ఇలా అవుతాడని చెప్పలేం. తల్లి గర్భంలో జరిగే మార్పుల పాత్ర కూడా ఉందని అనుకుంటున్నారు. ఒక్కో అన్న ఉన్నకొద్దీ తమ్ముడు గే అయ్యే అవకాశం దాదాపు మూడో వంతు పెరుగుతుందని బ్లాంచర్డ్, బోగార్ట్ అనే పరిశోధకులు లెక్క తేల్చారు. అసలు అవకాశమే తక్కువ కాబట్టి, నలుగురు అన్నలున్న తమ్ముళ్లలోనూ ఎక్కువమంది అమ్మాయిల వైపే చూస్తారు.

పూర్తిగా జన్యువుల్లో లేదంటే ఎంచుకున్నదని అర్థం కాదు. ఎడమచేతి వాటమూ అంతే. కవల పిల్లల్లో ఒకడిది కుడిచెయ్యి, ఇంకొకడిది ఎడమ అవుతుంది.

అపోహ: హాస్టల్లో వేసినందుకే ఇలా అయ్యాడు.

హాస్టళ్లే కారణమైతే, లక్షల మంది పిల్లల్ని ఇంటర్ పేరుతో కార్పొరేట్ కాలేజీల గదుల్లో కుక్కిన మన రెండు రాష్ట్రాల్లో ఇవాళ పెళ్లిళ్లు జరగకూడదు. హాస్టల్లో ఏదో తెలుసుకోవాలనే తహతహ ఉంటే ఉండొచ్చు, దానితో ఆకర్షణ దిశ మారదు. చిన్నప్పుడు ఎవరైనా లైంగికంగా వేధించి ఉంటే ఆ గాయానికి వైద్యం చెయ్యాలి. దాన్ని ఈ ప్రశ్నకు జవాబుగా వాడుకుంటే పిల్లవాడికి రెండోసారి అన్యాయం చేసినట్టే.

అపోహ: ప్రకృతి విరుద్ధం.

చట్టంలోకి ఈ మాట 1860లో బ్రిటిష్ వాళ్లు రాసిన భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌తో వచ్చింది. ఇలాంటి సంబంధాన్ని నేరం చేసిన సెక్షన్ అదే. ప్రకృతి సంగతికొస్తే, పెంపుడు పొట్టేళ్లలో దాదాపు 8 శాతం గొర్రెల జోలికి పోకుండా తోటి పొట్టేళ్ల వెంటే పడతాయని అమెరికాలో ఓరెగాన్ పరిశోధకులు తేల్చారు. అయినా ఈ వాదన నాకు నచ్చదు. తేలు కుట్టడం ప్రకృతి, కళ్లజోడు కాదు. ప్రకృతిలో ఉన్నంత మాత్రాన ఏదీ మంచిదైపోదు, లేనంత మాత్రాన చెడ్డదీ కాదు. 'ప్రకృతి విరుద్ధం' అన్నప్పుడు తల్లిదండ్రుల మనసులో ఉన్నది 'మన చుట్టాల్లో లేదు' అన్న మాటే. అదీ నిజం కాదు, వాళ్లకు తెలియదంతే.

అపోహ: జబ్బే, వైద్యం ఉంటుంది.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే దీన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. జబ్బు కాదని మా ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో చెప్పింది. సమాజపు నైతిక విలువలకో మత విశ్వాసాలకో ఒదగలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగిగా తేల్చకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటుంది.

ఇక హార్మోన్లు. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఇస్తే కోరిక పెరుగుతుంది, దిశ మారదు. ఒకప్పుడు మన దేశంలోనే కరెంటు షాకులతో విముఖత పుట్టించే ప్రయత్నాలు చేసి, వాటిని వైద్య పత్రికల్లో అచ్చు వేయించుకున్నారు కూడా. కొందరు మారారని పరిశోధన రాసిన అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ స్పిట్జర్ 2012లో తన వాదన తప్పని ఒప్పుకుని క్షమాపణ అడిగాడు. ప్రార్థనతో మారుస్తామన్న అమెరికా సంస్థ ఎక్సోడస్ ఇంటర్నేషనల్ 2013లో క్షమాపణ చెప్పి తలుపులు మూసుకుంది. 2021లో మద్రాసు హైకోర్టు ఇలాంటి చికిత్సల్ని నిషేధించాలంది. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ వీటిని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఇప్పుడెవరైనా డాక్టరు 'మారుస్తాను, పది సిట్టింగులు' అంటే మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చెయ్యొచ్చు.

చిన్నప్పుడు ఎడమచేత్తో తింటే మా నాయనమ్మ గరిటెతో కొట్టేది. కుడిచేత్తో తినడం నేర్చుకున్నాను. బంతి ఇస్తే ఇప్పటికీ ఎడమచేత్తోనే వేస్తాను.

ఒక మినహాయింపు చెప్పాలి. 'నేను గే అయిపోతానేమో' అని రోజంతా భయపడుతూ, మగవాళ్లను చూసిన ప్రతిసారీ తనను తాను పరీక్షించుకునే కుర్రాళ్లు వస్తుంటారు. వాళ్లలో చాలామందికి ఉన్నది ఓసీడీ, అంటే అక్కర్లేని ఆలోచన పదేపదే వెంటాడే జబ్బు. చేతులు పదేపదే కడుక్కోవడం లాంటిదే. దానికి మందులున్నాయి, పనిచేస్తాయి కూడా. ఆ మందులు తగ్గించేది భయాన్ని.

అపోహ: పెళ్లి చేస్తే సర్దుకుంటుంది.

ఈ తప్పు నేను చేశాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక కుటుంబానికి 'సంబంధం చూడండి, బాధ్యత వస్తే మారతాడు' అన్నాను. ఆరేళ్ల తర్వాత ఒకావిడ నిద్ర పట్టట్లేదని వచ్చింది. బరువు తగ్గిపోయింది, తనలోనే ఏదో లోపముందని గట్టిగా నమ్ముతోంది. భర్త పేరు చెప్పాక గాని నాకు తట్టలేదు. ఆయన ఆమెను ఒక్కనాడూ కసురుకోలేదట, చెయ్యెత్తలేదట. "కొట్టినా బాగుండేది డాక్టర్ గారూ, కారణమైనా తెలిసేది" అంది. ఆయన రహస్యం ఆమెకు చెప్పే హక్కు నాకు లేదు. లోపం నీలో లేదమ్మా అని మాత్రం అనగలిగాను. నేను ఆ సలహా ఇచ్చిన రోజున ఈ అమ్మాయి ఎవరో నాకు తెలియదు, ఆమె గురించి ఆలోచించనూ లేదు.

అపోహ: భక్తి ఉన్నవాళ్లకు ఇలా ఉండదు. ఉంటే భక్తి ఉండదు.

నేను పూజారినీ కాదు, పాస్టర్‌నీ కాదు. ఇది జబ్బు కాదని చెప్పగలను. పాపమా కాదా అన్నది నా స్టెతస్కోపుకు అందదు. తెలిసినంతలో రెండు మూడు విషయాలు చెబుతాను.

మన గ్రంథాల్లో ఇదంతా సహజంగా ఒప్పుకున్నారని కొందరు, అసలు లేనే లేదని ఇంకొందరు వాదిస్తారు. రెండూ అతే. వాత్స్యాయనుడు కామసూత్రాల్లో తృతీయా ప్రకృతి (ఆడా మగా కాని మూడో స్వభావం) గురించి మొహమాటం లేకుండా రాశాడు. మనుస్మృతి మగవాళ్ల మధ్య సంబంధానికి కట్టుబట్టలతో స్నానం చెయ్యమని ప్రాయశ్చిత్తం చెప్పింది. స్త్రీల విషయంలో అంతకంటే కఠినంగా శిక్షించింది. లూత్ ప్రవక్త కథ ఆధారంగా ఇస్లామిక్ పండితుల్లో అత్యధికులు ఈ పనిని నిషిద్ధమే అంటారు. క్యాథలిక్ బోధ ఆ చర్యను తప్పంటూనే ఆ మనుషుల్ని గౌరవంతో, కరుణతో, సున్నితంగా స్వీకరించాలంటుంది. ప్రొటెస్టంట్ సంఘాలు ఈ విషయంలో రెండుగా చీలాయి. అమెరికాలో ఎపిస్కోపల్ చర్చి 2003లో, తను గే అని బాహాటంగా చెప్పుకున్న జీన్ రాబిన్సన్‌ను బిషప్‌ను చేసింది. ఇంకో సంగతి: 2009లో ఢిల్లీ హైకోర్టు 377ను సడలించినప్పుడు దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో జ్యోతిష్కుడు సురేశ్ కుమార్ కౌశల్, ముస్లిం పర్సనల్ లా బోర్డు, క్రైస్తవ సంఘాలు అందరూ ఉన్నారు. ఇంత మత సామరస్యం మన దేశంలో అరుదు.

నా దగ్గరికొచ్చినవాళ్లలో కొందరు విశ్వాసం కోసం ఒంటరిగా ఉండిపోయారు. కొందరు తోడునూ, దేవుణ్నీ ఇద్దరినీ ఉంచుకున్నారు. కొందరు మతం వదిలేశారు. ఏది సరైనదో చెప్పడం నా పని కాదు. వాళ్ల మీద ఎవరూ బలవంతం చెయ్యకుండా చూడటం నా పని. విడుదల ప్రార్థనకో, తాయెత్తుకో, నిమ్మకాయల పూజకో తీసుకెళ్లిన పిల్లవాడు మారకపోతే తల్లిదండ్రులు ఇంకో చోటికి తీసుకెళతారు. దేవుడికి కూడా తనొద్దు అనుకుని పిల్లవాడు నా దగ్గరికొస్తాడు, చాలాసార్లు మణికట్టుకు కట్టుతో.

అపోహ: చట్టం అంతా ఒప్పేసుకుంది.

సుప్రీంకోర్టు తీర్పుతో 2018 సెప్టెంబర్ 6 నుంచి పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదు. పెళ్లికి మాత్రం గుర్తింపు లేదు. హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ వేసిన కేసులో 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు ఆ పని పార్లమెంటుదేనంది.

అపోహ: డాక్టరు ఒక కాగితం రాస్తే సరిపోతుంది.

ఇది పిల్లల అపోహ. ఒంటరిగా దొరికినప్పుడు మెల్లగా అడుగుతారు: "ఏదో జబ్బు, రెండేళ్లు వైద్యం కావాలి, అప్పటిదాకా పెళ్లి వద్దు అని రాసివ్వండి సార్." రాయను. అది దొంగ సర్టిఫికెట్. పైగా, కాదని ఇంతసేపూ చెబుతున్న జబ్బును నేనే అంటగట్టినట్టవుతుంది. "ఇది జబ్బు కాదు, ఇష్టంలేని పెళ్లి చెయ్యకండి" అని నా లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇస్తాను. కొందరు తీసుకెళతారు. కొందరు ఇప్పుడొద్దు సార్, మీ దగ్గరే ఉంచండి అంటారు. నా డ్రాయరులో అలాంటివి నాలుగు ఉన్నాయి.