గుండెకాయ మాత్రం బయటి నుంచే: మన ఆయుధ కొనుగోళ్ల వెనుక కథ

విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లి కుర్సురా సబ్‌మెరైన్ చూడకుండా వచ్చేవాళ్లు తక్కువ. టికెట్ తీసుకుని లోపలికి అడుగుపెట్టగానే తల వంచాల్సి వస్తుంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లే గుండ్రటి ద్వారాల్లో ముందు కాలు పెట్టి, నడుం వంచి, ఆ తర్వాత తల దూర్చాలి. చుట్టూ పైపులు, వాల్వులు, డయల్స్. 91 మీటర్ల ఆ ఇనుప గొట్టంలో డెబ్బై మందికి పైగా రోజుల తరబడి నీళ్ల కింద బతికారని గైడ్ చెబుతుంటే ఊపిరి బిగపట్టినట్టు ఉంటుంది.

దీన్ని 1969 డిసెంబర్‌లో సోవియట్ యూనియన్ నుంచి తెచ్చి నౌకాదళంలో చేర్చారు. 1971 యుద్ధంలో పనిచేసింది. తర్వాత ఒక దశలో స్పేర్ పార్టుల కొరత వచ్చింది. కుర్సురాను పక్కన పెట్టి, దీని భాగాలు విప్పి మిగతా సబ్‌మెరైన్లకు బిగించారు. ఆ తర్వాత దీన్ని బాగుచేయించడానికి మళ్లీ సోవియట్ యూనియన్‌కే పంపాల్సి వచ్చింది. 2001లో విరమించే దాకా దేశానికి సేవ చేసింది. మ్యూజియంలో నిలబడి చూస్తుంటే దాని పరాక్రమం కంటే ఈ విప్పి బిగించిన కథే నన్ను ఎక్కువ పట్టి ఉంచుతుంది.

ఎందుకంటే మన రక్షణ ఖర్చు చరిత్ర అంతా ఇదే. ఆయుధం ధర కొన్న రోజుతో తీరిపోదు. ముప్పై, నలభై ఏళ్లు దాన్ని నడపాలి. ఆ ఏళ్లన్నీ అమ్మినవాడి దయ మీద ఆధారపడాలి. 2025 సెప్టెంబర్ చివరి వారంలో వచ్చిన రెండు వార్తలు ఈ సంగతే మళ్లీ గుర్తుచేశాయి. 25న 97 తేజస్ యుద్ధ విమానాల కోసం ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌తో రక్షణ శాఖ 62,370 కోట్ల రూపాయల కాంట్రాక్టు కుదుర్చుకుంది. మర్నాడు చండీగఢ్‌లో సోవియట్ కాలపు యుద్ధ విమానం మిగ్-21కి వీడ్కోలు పలికారు. 1963లో వచ్చిన విమానం 62 ఏళ్లు ఎగిరింది. దాని చోటు తీసుకోవాల్సిన తేజస్‌కి ఇంజిన్ అమెరికా నుంచి రావాలి.

వెనక్కి వెళ్దాం. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన చేతిలో ఉన్నవి బ్రిటిష్‌వాళ్లు వదిలివెళ్లిన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు, అంటే ఆయుధ కర్మాగారాలు. వాటిలో మొదటిది, కోల్‌కతా కాశీపూర్‌లోని గన్ క్యారేజ్ ఏజెన్సీ, 1801 నాటిది. వాటికి తోడు వాల్‌చంద్ హీరాచంద్ పెట్టిన రెండు సంస్థలు ఉన్నాయి. ఒకటి 1940లో బెంగళూరులో మొదలైన విమాన కర్మాగారం, అదే తర్వాత హెచ్‌ఏఎల్ అయింది. రెండోది 1941లో విశాఖలో మొదలైన షిప్‌యార్డు. 1948లో అక్కడి నుంచి నీటిలోకి దిగిన జల ఉష ఓడను నెహ్రూ వచ్చి ప్రారంభించారు. రెండూ ఒక ప్రైవేటు పారిశ్రామికవేత్త మొదలుపెట్టినవే. అయినా 1948 పారిశ్రామిక విధానం ఆయుధాల తయారీని ప్రభుత్వానికే కట్టబెట్టింది, 1956 తీర్మానం దాన్ని గట్టిపరిచింది. తర్వాత నాలుగున్నర దశాబ్దాల పాటు ప్రైవేటు కంపెనీ తుపాకీ గుండు చేయడానికి కూడా వీల్లేదు.

ఖర్చు మాత్రం మొదట్లో తక్కువే. ఆనకట్టలు కట్టాలి, ఉక్కు ఫ్యాక్టరీలు పెట్టాలి, తిండిగింజలు చూసుకోవాలి. కొత్త దేశానికి ఆ లెక్క సహజమే. 1962 అక్టోబర్‌లో చైనా దాడితో ఆ లెక్క తల్లకిందులైంది. పాత 303 రైఫిళ్లతో, చలికి చాలని బట్టలతో హిమాలయాల్లో నిలబడ్డ జవాన్ల కథలు ఇప్పటికీ గుండెను పిండుతాయి. రక్షణ మంత్రి కృష్ణ మీనన్ రాజీనామా చేశారు. జీడీపీలో 2 శాతం చుట్టుపక్కల ఉన్న రక్షణ ఖర్చు రెండేళ్లలో దాదాపు రెట్టింపైంది.

దెబ్బ తగిలాక డబ్బు ధారాళంగా వచ్చింది. హడావిడిలో ఆ డబ్బు ఎక్కడికి వెళ్తుంది? సిద్ధంగా ఉన్న సరుకు ఉన్నచోటికి, అంటే బయటికి. 1962 తర్వాత ఇలాగే జరిగింది, 1999 కార్గిల్ యుద్ధం తర్వాత ఇలాగే జరిగింది.

ఇక్కడ మారుత్ కథ చెప్పి తీరాలి. హెచ్‌ఎఫ్-24 మారుత్ మన సొంత యుద్ధ విమానం. జర్మన్ డిజైనర్ కర్ట్ టాంక్ నాయకత్వంలో బెంగళూరులో తయారై 1961 జూన్‌లో మొదటిసారి ఎగిరింది. బాడీ చక్కగా కుదిరింది. ధ్వని వేగాన్ని దాటించే శక్తిగల ఇంజిన్ మాత్రం దొరకలేదు. బ్రిటిష్ కంపెనీ ఆర్ఫియస్ ఇంజిన్‌లో శక్తిమంతమైన రకం చేస్తానంది, కాకపోతే దాని అభివృద్ధి ఖర్చు భారత్ భరించాలంది. మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. చివరికి ఉన్న చిన్న ఇంజిన్లు రెండు పెట్టి 147 విమానాలు చేశారు. 1971లో రాజస్థాన్ ఎడారిలో అవి బాగానే పోరాడాయి. కానీ ఏ పని కోసం పుట్టాయో ఆ పని ఎప్పుడూ చేయలేకపోయాయి. ఆ రోజు కొంచెం డబ్బు పెట్టి ఉంటే ఇవాళ మన దగ్గర అరవై ఏళ్ల ఇంజిన్ అనుభవం ఉండేదని నేను గట్టిగా నమ్ముతాను.

మారుత్ ఇంజిన్ కోసం తంటాలు పడుతుండగానే, 1962 ఆగస్టులో సోవియట్ యూనియన్‌తో మిగ్-21 ఒప్పందం కుదిరింది. సోవియట్ బేరం కాదనలేనిది: తక్కువ వడ్డీకి అప్పు, ఏళ్ల తరబడి వాయిదాలు, చెల్లింపు రూపాయల్లో, పైగా ఇక్కడే తయారు చేసుకునే లైసెన్స్. విమానం నాసిక్‌లో, ఇంజిన్ కోరాపుట్‌లో, లోపలి ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్ బాలానగర్‌లో. 1965 యుద్ధంలో అమెరికా భారత్‌కీ పాకిస్తాన్‌కీ కలిపి ఆయుధాలు ఆపేయడంతో మాస్కో వైపు మొగ్గు ఇంకా పెరిగింది. దాదాపు 870 మిగ్-21లు మన వైమానిక దళంలోకి వచ్చాయి.

లైసెన్స్ తయారీ అంటే ఏమిటో సరిగ్గా అర్థం చేసుకోవాలి. డ్రాయింగులు వాళ్లవి, కొలతలు వాళ్లవి. మనం అచ్చుగుద్దినట్టు చేస్తాం. ఈ బోల్టు ఇంతే మందం ఎందుకు, ఈ బ్లేడుకి ఈ లోహమే ఎందుకు అన్నది డ్రాయింగులో రాసి ఉండదు. వేల విమానాల పని చేతుల మీదుగా పోయినా ఆ 'ఎందుకు' మనకు దక్కలేదు.

'ఎందుకు' వెతికిన చోట్లూ ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది మన హైదరాబాదే. 1962లో క్షిపణుల పరిశోధనశాల డీఆర్‌డీఎల్ ఇక్కడికి వచ్చింది. 1970లో ఫ్రెంచ్ లైసెన్స్‌తో ట్యాంకు విధ్వంసక క్షిపణులు చేయడానికి భారత్ డైనమిక్స్ పుట్టింది. 1973లో మిధాని వచ్చింది. టైటానియం, సూపర్ అల్లాయ్‌లు, మారేజింగ్ స్టీల్ లాంటివి అడిగినా ఎవరూ ఇవ్వరు కాబట్టి సొంతంగా కరిగించి పోయడానికి పెట్టిన ఫ్యాక్టరీ అది. 1984లో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చింది. 1983లో కలాం నాయకత్వంలో మొదలైన క్షిపణి కార్యక్రమం పృథ్వి, అగ్ని, ఆకాశ్, త్రిశూల్, నాగ్ అని ఐదు పేర్లు పెట్టుకుంది. 1988లో పృథ్వి, 1989లో అగ్ని ఎగిరాయి. త్రిశూల్ సైన్యం దాకా చేరలేదు, నాగ్‌కి దశాబ్దాలు పట్టింది. అయినా మన రక్షణ పరిశ్రమలో బయటివాళ్ల మీద ఆధారపడటం బాగా తగ్గిన విభాగం ఏదంటే క్షిపణులే. కారణం సూటిగానే ఉంది: ఎవరూ అమ్మలేదు, కాబట్టి నేర్చుకున్నాం.

1980ల్లో డబ్బు మళ్లీ పెరిగింది. దశాబ్దం చివర్లో, ఆయుధ ఖర్చుల లెక్కలు చూసే స్వీడన్ సంస్థ సిప్రి ప్రకారం, రక్షణ ఖర్చు జీడీపీలో 4 శాతం దాటింది. ఆ ఊపులోనే 1986 మార్చిలో స్వీడన్‌కి చెందిన బోఫోర్స్ నుంచి 410 శతఘ్నులు 1,437 కోట్లకు కొన్నారు. 1987 ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియో ముడుపుల సంగతి బయటపెట్టింది. 64 కోట్లు చేతులు మారాయన్న ఆరోపణ 1989లో ప్రభుత్వాన్నే దించడంలో పెద్ద పాత్ర పోషించింది. కేసు మాత్రం ఏళ్ల తరబడి సాగి కోర్టుల్లో నిలవలేదు.

జనానికి గుర్తున్నది ముడుపుల గొడవ. నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టేది తర్వాత జరిగింది. ఆ శతఘ్నిని ఇక్కడే తయారు చేసుకోవడానికి డ్రాయింగులు మన దగ్గరికి వచ్చాయి. కుంభకోణం భయంతో వాటి జోలికి ఎవరూ పోలేదు. కొత్త శతఘ్నుల కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టడానికి అధికారులకు టెన్షన్. 1999లో కార్గిల్ కొండల మీద శత్రువు బంకర్లను పగలగొట్టింది ఆ బోఫోర్సే. అప్పటి సైన్యాధిపతి మాలిక్, ఉన్నవాటితోనే పోరాడతామని చెప్పాల్సిన పరిస్థితి. మళ్లీ పెద్ద శతఘ్నుల కోసం సంతకం పడింది 2016లో, అమెరికా నుంచి 145 ఎం777ల కోసం. ముప్పై ఏళ్లు! ఆ పాత డ్రాయింగుల దుమ్ము దులిపితే జబల్‌పూర్‌లో ధనుష్ శతఘ్ని తయారైంది.

ఈలోగా 1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. ఒకే దేశంలో ఉన్న ఫ్యాక్టరీలు వేర్వేరు దేశాల్లోకి పోయాయి. యుద్ధనౌకల గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌లో, మరికొన్ని రష్యాలో. స్పేర్లు దొరక్క మన స్క్వాడ్రన్లు, అంటే యుద్ధ విమానాల దళాలు, అల్లాడాయి. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టింది. తేజస్ కంట్రోల్ వ్యవస్థ కోసం అక్కడి కంపెనీలో పనిచేస్తున్న మన ఇంజినీర్లను ఇంటికి పంపేశారు. వాళ్లు తిరిగొచ్చి ఆ పని ఇక్కడే పూర్తిచేశారు. 2001 జనవరి 4న తేజస్ మొదటిసారి ఎగిరింది.

అదే 2001లో ప్రైవేటుకి తలుపులు తెరిచారు. విదేశీ పెట్టుబడి 26 శాతంతో మొదలై 2020 నాటికి ఆటోమేటిక్ మార్గంలో 74కి వచ్చింది. 2005 నుంచి ఆఫ్‌సెట్ నిబంధన: పెద్ద కాంట్రాక్టు దక్కిన విదేశీ కంపెనీ కొంత విలువ మేరకు ఇక్కడ పని ఇవ్వాలి. హైదరాబాద్ దగ్గరి ఆదిభట్లలో ఇవాళ కనిపించేదంతా ఆ కాలంలో మొలకెత్తిందే. అపాచీ హెలికాప్టర్ బాడీలు, సి-130జె విమానాల తోక భాగాలు అక్కడి నుంచి అమెరికాకి వెళ్తున్నాయి. 2021 అక్టోబర్‌లో 41 ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలను ఏడు కంపెనీలుగా విడగొట్టారు.

ఇక బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు వెళ్లండి. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లు రెండు మూడు పెట్టుకుని రక్షణ సంస్థలకు పార్టులు చేసే షాపులు సందు సందునా ఉంటాయి. అరచేతిలో పట్టే అల్యూమినియం ముక్క, మైక్రాన్లలో కొలతలు. వెంట్రుకంత తేడా వస్తే ఇన్‌స్పెక్షన్‌లో రిజెక్ట్, వాడిన లోహం వృథా. ఇలాంటి షాపులకు అసలు సమస్య చేతనైన పనివాళ్లు లేకపోవడం కాదు. ఒక ఏడాది ఇరవై పీసుల ఆర్డర్ వస్తుంది, మరుసటి ఏడాది ఏమీ రాదు, మెషిన్ మీద బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది. రక్షణ స్వావలంబన గురించి ఢిల్లీలో మాట్లాడేవాళ్లు ఈ వాయిదా సంగతి ముందు పట్టించుకోవాలి.

డబ్బు లేదా అంటే ఉంది. 2025-26 బడ్జెట్‌లో రక్షణకు 6.81 లక్షల కోట్లు, కేంద్ర బడ్జెట్‌లో 13 శాతానికి పైనే. జీడీపీతో పోలిస్తే 1.9 శాతం. అందులో నూటికి 46 రూపాయల దాకా జీతభత్యాలు, రోజువారీ నిర్వహణ. 24 రూపాయలు పెన్షన్లు. కొత్త ఆయుధాలు, కట్టడాలకు 26. కొనుగోళ్లకు పక్కన పెట్టిన దాదాపు 1.49 లక్షల కోట్లలో 1.12 లక్షల కోట్లు దేశీయ పరిశ్రమకే అన్నారు.

పెన్షన్లను భారమంటూ కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. పశ్చిమ గోదావరి జిల్లా మిలిటరీ మాధవరంలో తరతరాలుగా ఇంటికొకరు సైన్యంలోకి వెళ్లారు. ఆ పెన్షన్ వాళ్లకు మాటిచ్చిన అప్పు. కానీ ఆ లెక్క పెరుగుతున్న కొద్దీ ఆయుధాల వాటా బిగుసుకుంటుందన్నదీ నిజమే. 2022 జూన్‌లో నాలుగేళ్ల కొలువుతో అగ్నిపథ్ వచ్చింది. ఏళ్ల తరబడి తెల్లవారుజామున పరుగులు తీసిన కుర్రాళ్ల ఆవేదన ఆ నెల సికింద్రాబాద్ స్టేషన్‌లో మంటలై లేచింది, ఒక ప్రాణం పోయింది.

అంకెల్లో మార్పు వచ్చిన మాట వాస్తవం. మన ఆయుధ దిగుమతుల్లో రష్యా వాటా 2010-14లో 72 శాతం, 2020-24లో 36. ఎగుమతులు 2013-14లో 686 కోట్లయితే 2024-25లో 23,622 కోట్లు. బ్రహ్మోస్ క్షిపణి ఫిలిప్పీన్స్‌కి వెళ్లింది. అయితే ఎగుమతుల్లో ప్రైవేటు వాటా 15,233 కోట్లు. అందులో ఆదిభట్లలో చేసే బాడీలు, తోకల్లాంటి విడిభాగాలది పెద్ద పాత్ర. 2020-24 ఐదేళ్లలో ఉక్రెయిన్ తర్వాత ప్రపంచంలో ఎక్కువ ఆయుధాలు దిగుమతి చేసుకున్నదీ మనమే. రష్యా వాటా తగ్గిందంటే ఆ మేరకు ఫ్రాన్స్, ఇజ్రాయెల్‌ల వాటా పెరిగింది. అంగడి మారింది, అంతే.

ఇంజిన్ దగ్గరికి వస్తే మారుత్ నాటి చోటే ఉన్నాం. తేజస్ కోసం 1980ల్లో మొదలుపెట్టిన కావేరి ఇంజిన్ కావలసినంత శక్తి ఇవ్వలేదు. 2008లో దాన్ని తేజస్ నుంచి విడదీశారు. 2021లో 83 తేజస్ మార్క్-1ఏలకు ఆర్డర్ ఇచ్చి, వాటి కోసం అమెరికా కంపెనీ జీఈ నుంచి 99 ఎఫ్404 ఇంజిన్లు 71.6 కోట్ల డాలర్లకు కొన్నారు. మొదటి ఇంజిన్ వచ్చేసరికి 2025 మార్చి అయింది. ఆ ఏడాది ఆగస్టులో ఫ్రాన్స్ కంపెనీ సఫ్రాన్‌తో కలిసి ఇక్కడే కొత్త ఇంజిన్ అభివృద్ధి చేస్తామని రక్షణ మంత్రి ప్రకటించారు. ఈసారి డిజైన్ చేసే గదిలో, పరీక్షించే బెంచి దగ్గర మన ఇంజినీర్లు ఎంతమంది ఉంటారన్నదే నేను గమనించబోయేది.

మిగ్-21లు వెళ్లిపోయాక వైమానిక దళంలో 29 స్క్వాడ్రన్లు మిగిలాయి. ఉండాల్సినవి 42. బెంగళూరులో బాడీ పూర్తయిన తేజస్‌లు రిజర్వులో ఉన్న పాత ఇంజిన్లతో పరీక్షల కోసం ఎగిరి, మసాచుసెట్స్‌లోని లిన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చే కొత్త ఇంజిన్ల కోసం షెడ్లలో ఎదురుచూశాయి.