పాత ట్రయల్స్ బైక్‌కి కొత్త ఎగ్జాస్ట్: పిస్టన్‌ని తినేసే అపోహ, ఇంకొన్ని

"కొత్త పైపు పెట్టాక ఇంజిన్ పట్టేసింది. పైపు నాసిరకందేమో చూడండి." ఈ మాటతో నా దగ్గర బండి దింపేవాళ్లు తగ్గడం లేదు. పట్టేయడమంటే పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్‌లో ఇరుక్కుపోవడం. పైపు విప్పి చూస్తే చాలాసార్లు దానికేమీ ఉండదు. వెల్డింగ్ శుభ్రంగా ఉంటుంది, కొలతలు సరిగ్గా ఉంటాయి. కార్బ్యురేటర్ విప్పితే అసలు సంగతి బయటపడుతుంది: పాత సైలెన్సర్ ఉన్నప్పటి జెట్లే (పెట్రోల్‌ని కొలిచి వదిలే చిన్న రంధ్రాల ముక్కలు) ఉంటాయి, నీడిల్ (పెట్రోల్ దారిలో పైకీ కిందికీ కదిలే సూది) ఎత్తుని నిలిపే క్లిప్ కూడా అదే గాడిలో ఉంటుంది. బుల్టాకో షెర్పా, మాంటెసా కోటా, ఒస్సా మార్, యమహా టీవై లాంటి పాత ట్రయల్స్ బళ్లకు (రాళ్లు, బురద మీద కాలు దించకుండా నడిపే పోటీల బళ్లవి) మంచి బ్యారెల్, అంటే సిలిండర్, దొరకడమే గగనం. చిన్న జెట్ మార్చనందుకు అలాంటి బ్యారెల్ గీతలు పడిపోతే చూడలేను. అందుకే ఆ ఒక్క అపోహ గురించి వివరంగా రాస్తున్నాను, మిగతావి తొందరగా ముగిస్తాను.

అపోహ: పైపు మారిస్తే కార్బ్యురేటర్‌ని ముట్టుకోనక్కర్లేదు

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో కొత్త మిశ్రమం ఎంత సిలిండర్‌లో నిలుస్తుందో, ఎంత బయటికి జారిపోతుందో తేల్చడంలో పైపుకి పెద్ద పాత్ర ఉంది. ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకోగానే ఒత్తిడి తరంగం పైపులోకి పరుగెడుతుంది. పైపు వెడల్పయ్యే చోటు నుంచి పీల్చే తరంగం వెనక్కి వస్తుంది. సన్నబడే చోటు నుంచి నెట్టే తరంగం వస్తుంది. మొదటిది సిలిండర్‌ని ఖాళీ చేయడానికి సాయపడుతుంది. రెండోది జారిపోయిన మిశ్రమాన్ని పోర్టు మూసుకునేలోపు లోపలికి తోస్తుంది. ముందు పైపు పొడవు, కోన్ల వాలు, మధ్య డబ్బా, చివరి గొట్టం బోరు, వీటిలో ఏది మారినా ఇంజిన్ పీల్చే గాలి మారుతుంది. గాలి మారితే పెట్రోల్ కూడా మారాలి. పాత పైపు ఏళ్ల తరబడి మసి పట్టి సగం మూసుకుపోయి ఉంటే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే అంతకు ముందెవరో ఆ మూసుకుపోయిన పైపుకి తగ్గట్టు జెట్లు సరిచేసి ఉంటారు.

"మెయిన్ జెట్ ఒక సైజు పెంచాను కదా" అని కొందరంటారు. మంచిదే, కానీ మెయిన్ జెట్ పని ముఖ్యంగా థ్రాటిల్ ముప్పావు దాటాక. ట్రయల్స్‌లో అక్కడికి ఎంతసేపు వెళ్తాం? సెక్షన్‌లో (మార్కులు లెక్కపెట్టే కష్టమైన చిన్న దారి ముక్క) ఎక్కువసేపు పావు థ్రాటిల్ లోపే ఉంటాం. అక్కడ పైలట్ జెట్ (ఐడిల్ జెట్), ఎయిర్ స్క్రూ (దానికి అందే గాలిని సరిచేసే మర), స్లయిడ్ కటవే (థ్రాటిల్ స్లయిడ్ అడుగున కోసిన వాలు) చెప్పిందే చెల్లుతుంది. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్‌ది రాజ్యం.

నేను చూసిన ఇంజిన్లలో ఎక్కువ భాగం సెక్షన్‌లో పట్టేయలేదు. రాళ్ల మీద శ్రమ ఎక్కువైనా అది కొద్ది సేపే. ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కి వెళ్లే రోడ్డు మీదే పట్టేస్తాయి. సగం థ్రాటిల్‌లో ఒకే వేగంతో నిమిషాల తరబడి లాగుతాం. నీడిల్ దగ్గర పెట్రోల్ తక్కువైతే పిస్టన్ కాగుతూనే ఉంటుంది. ఆ తర్వాత దిగుడు వస్తుంది, థ్రాటిల్ మూస్తాం. పెట్రోల్‌తో పాటు అందులో కలిపిన ఆయిల్ రావడం కూడా దాదాపు ఆగిపోతుంది, వేడి మాత్రం అలాగే ఉంటుంది. పిస్టన్ ఎగ్జాస్ట్ వైపు గీతలు పడేది ఇలాగే. ఖాళీ స్థలంలో రెండు రౌండ్లు కొట్టి "బాగానే ఉంది" అనుకుంటే ఇది ఎప్పటికీ దొరకదు.

ఇంజిన్ బాగా వేడెక్కాక థ్రాటిల్ కొట్టి వదలండి. ఆర్‌పీఎం వెంటనే పడిపోకుండా పైనే వేలాడి మెల్లగా దిగితే పెట్రోల్ తక్కువ, లేదా ఎక్కడో గాలి లాగుతోంది. ఎయిర్ స్క్రూ తిప్పుతూ ఐడిల్ బాగా నిలిచే చోటు పట్టుకోండి. ఫిల్టర్ వైపు ఎయిర్ స్క్రూ ఉన్న కార్బ్యురేటర్లలో ఆ చోటు పూర్తిగా బిగించిన స్థానం నుంచి ఒక చుట్టు లోపే వస్తే పైలట్ జెట్ చిన్నది. రెండున్నర చుట్లు దాటితే పెద్దది. తర్వాత నీడిల్. క్లిప్ ఒక గాడి కిందికి దింపితే నీడిల్ పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. కొత్త పైపుతో మొదట అలా చిక్కగా పెట్టుకుని, ఇంజిన్ తడబడుతుంటే మెల్లగా తగ్గించుకోవాలి. ఎక్కువ పెట్రోల్‌తో పోయేది ఒక ప్లగ్. తక్కువ పెట్రోల్‌తో పోయేది పిస్టన్, బోరు, ఒక్కోసారి క్రాంక్ కూడా.

ప్లగ్ రంగు చూసి చెప్పేస్తామనేవాళ్లు ఐడిల్‌లో నడిపి ఆపిన ప్లగ్ చూపిస్తారు. అది ఐడిల్ గురించే చెబుతుంది. గ్రిప్ మీద టేపు అంటించి సగం థ్రాటిల్ గుర్తు పెట్టుకోండి. కొత్త ప్లగ్ వేసి ఎత్తు ఎక్కుతూ ఆ గుర్తు దగ్గరే లాగండి. అక్కడే క్లచ్ పట్టి ఇంజిన్ ఆపి, ప్లగ్ విప్పి పింగాణీ అడుగున చూడండి. సీసం లేని పెట్రోల్‌తో రంగు పాత పుస్తకాల్లో రాసినంత స్పష్టంగా రాదు కాబట్టి, రంగుతో పాటు ఇంజిన్ పలికే తీరుని కూడా నమ్మండి.

ఇదే అపోహకి ఒక తమ్ముడుంది: భయమేస్తే పెట్రోల్‌లో ఆయిల్ ఎక్కువ కలిపేస్తే సేఫ్ అని. ఆయిల్ పెంచితే అదే జెట్ గుండా వెళ్లే పెట్రోల్ ఆ మేరకు తగ్గుతుంది, అంటే మిశ్రమం ఇంకా పలచబడుతుంది. ఒక కుర్రాడు మేనమామ వాడిన టీవై తెచ్చాడు. పైపు మార్చాక థ్రాటిల్ వదిలినా ఇంజిన్ పరుగెడుతోందని ఎవరినో అడిగితే "కొత్త పైపు కదా, సెట్ అవుతుంది, ఆయిల్ కొంచెం ఎక్కువ కలుపు" అన్నారట. అలాగే చేశాడు, రోడ్డు మీద పట్టేసింది. "అన్నా, మామయ్య బండి నేనే చంపేశానా?" అని అడిగాడు. నువ్వేం చంపలేదు, నీకు చెప్పినవాళ్లకి తెలీదు అన్నాను. ఇగ్నిషన్ వైపు క్రాంక్ సీల్ ఎండిపోయి గాలి లాగుతోంది, పైలట్ జెట్ చిన్నది. సీల్స్ రెండూ మార్చాం, బోరు చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేశాం, పైలట్ పెంచాం, క్లిప్ దింపాం. పైపు మాత్రం అదే. ఇప్పటికీ దాంతోనే తిరుగుతున్నాడు.

సీల్స్ సంగతి అందరికీ చెబుతున్నాను. పాత ఇంజిన్‌కి పైపు మార్చే ముందే అవి చూసుకోండి. గేర్‌బాక్స్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లాగి తెల్ల పొగ వస్తుంది కాబట్టి కంటికి కనిపిస్తుంది. ఇగ్నిషన్ వైపు సీల్ అలా ఏమీ చూపించదు.

అపోహ: మోత పెరిగితే పవర్ పెరిగినట్టే

పవర్ పెరగాలంటే మిశ్రమాన్ని లోపలికి తోసే తరంగం సరైన వేళకి తిరిగి రావాలి, మోతతో పని లేదు. చిన్న లెక్క వేద్దాం. 3000 ఆర్‌పీఎం దగ్గర ఒక చుట్టుకి 20 మిల్లీ సెకన్లు పడుతుంది. అందులో ఎగ్జాస్ట్ పోర్టు తెరిచి ఉండేది సుమారు 8. వేడి పొగలో తరంగం వేగం సెకనుకి దాదాపు 500 మీటర్లు అనుకుంటే, మీటరు పొడవు పైపులో అది వెళ్లి రావడానికి 4 మిల్లీ సెకన్లు. అంటే పోర్టు మూసుకునే వేళకి ఆ తరంగం పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. లెక్క కుదిరేది ఆర్‌పీఎం రెట్టింపయ్యాక. 1950లలో తూర్పు జర్మనీ కంపెనీ ఎంజెడ్ రేసింగ్ ఇంజిన్ల కోసం ఇంజినీర్ వాల్టర్ కాడెన్ ఈ తరంగాల విద్యని పైకి తెచ్చింది పై ఆర్‌పీఎం కోసమే. 1961లో ఎంజెడ్ రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ సుజుకికి వెళ్లిపోయినప్పుడు ఆ విద్యే ఆయన వెంట వెళ్లింది.

ట్రయల్స్‌కి కావాల్సింది దీనికి పూర్తిగా ఎదురు. ట్రయల్స్ రైడర్ సామీ మిల్లర్ 1964లో 500 సీసీ ఏరియల్ ఫోర్ స్ట్రోక్ మీద, స్కాట్లాండ్‌లో ఆరు రోజులు సాగే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచి, 1965లో 244 సీసీ బుల్టాకో మీద మళ్లీ గెలిచాడు. ఆ చిన్న టూ స్ట్రోక్ అక్కడ నెగ్గిందంటే బండి తేలికగా ఉండి, కింది ఆర్‌పీఎం నుంచే మెత్తగా లాగడం వల్లే. మధ్య డబ్బా పీకేసి, మోటోక్రాస్ చాంబర్ (పై ఆర్‌పీఎం కోసం చేసిన రేసింగ్ పైపు) తగిలిస్తే ఆ మెత్తదనమే పోతుంది. తడి రాయి మీద ఉన్నట్టుండి పవర్ వస్తే వెనక చక్రం జారిపోతుంది. "కొత్త పైపుతో పికప్ వచ్చింది" అనేవాళ్లలో చాలామందికి నిజానికి వచ్చింది పాత పైపులో మసి పోయినందువల్లే. అదే పని పాత పైపు శుభ్రం చేసినా జరిగేది. కాస్టిక్ సోడా నీళ్లతో ఉక్కు పైపు కడుక్కోవచ్చు, చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. అల్యూమినియం సైలెన్సర్‌కి మాత్రం అది తగలనివ్వకండి, లోహాన్ని తినేస్తుంది.

అపోహ: కాస్త తేడా ఉన్నా బోల్టుతో లాగి బిగిస్తే సరిపోతుంది

లాగి బిగించిన పైపు లోపల ఒత్తిడితోనే ఉంటుంది. వేడికి సాగుతుంది, అదురుతుంది, చివరికి బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర చీలుతుంది. లేదా బ్యారెల్‌లో ఉన్న స్టడ్‌ని మరతో సహా పీకేస్తుంది. ముందు అన్నీ వదులుగా పెట్టండి. ఫ్లాంజ్ (పైపు బ్యారెల్‌కి కలిసే అంచు) దగ్గర కొత్త గాస్కెట్‌తో బిగించండి, తర్వాత మధ్యది, చివరికి తోకది. రంధ్రాలు వాటంతట అవి కలవకపోతే బ్రాకెట్‌ని సరిచేయాలి. రబ్బర్ బుష్‌లు ఇచ్చి ఉంటే అవి పక్కన పడేయడానికి కాదు. సస్పెన్షన్ పూర్తిగా కుంగినప్పుడు టైరు, చైను, షాక్ స్ప్రింగ్ డబ్బాకి తగలడం లేదని బండి మీద ఒక మనిషిని కూర్చోబెట్టి చూడండి. ఫ్లాంజ్ దగ్గర లీకుంటే థ్రాటిల్ మూసినప్పుడు టపటపమంటుంది. దాన్ని జెట్ లోపం అనుకుని రోజులు పోగొట్టుకునేవాళ్లున్నారు.

మిగతావి

బ్యాక్ ప్రెషర్ (పొగకి పైపులో ఎదురయ్యే అడ్డంకి) లేకపోతే ఇంజిన్ పాడవుతుందంటారు. ఇంజిన్‌కి అడ్డంకి అక్కర్లేదు, సరైన కొలతలు కావాలి. చివరి గొట్టం బోరుని మాత్రం తోచినట్టు మార్చకూడదు. మరీ సన్నదైతే ఇంజిన్ వేడెక్కుతుంది.

స్టెయిన్‌లెస్ అంటే చీలదనుకోకండి, తుప్పు తక్కువ, అంతే. ఉక్కు పైపుకి హీట్ ర్యాప్ చుడితే కింద తడి నిలిచి తుప్పు తొందరగా వస్తుంది. కాలికి వేడి తగలడమే ఇబ్బందైతే షీల్డ్ పెట్టుకోండి.

పాత గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా గీకకుండా, తడిపి తీయండి.

సైలెన్సర్‌లో ప్యాకింగ్ (మోత తగ్గించే పీచు) ఒకసారి వేస్తే జీవితాంతం ఉండదు. ఆయిల్ నానితే బరువెక్కి గడ్డకడుతుంది, మోత పెరుగుతుంది. అడవుల్లో, ఊళ్ల పక్కన ట్రయల్స్‌కి అనుమతి దొరకడమే కష్టం, మోత వల్ల ఆ చోటు పోతే అందరికీ నష్టం. మొదటి రైడ్ అయ్యాక బండి చల్లారనిచ్చి ఫ్లాంజ్ నట్లు మళ్లీ ఒకసారి బిగించండి. గాస్కెట్ అణిగి అవి తప్పకుండా కొంత వదులవుతాయి.