నాలుగు మూరల నేల

హన్మకొండ

బిడ్డలారా,

ఈసారి దసరా సెలవులకు వచ్చేటప్పుడు పరుగు బూట్లు కూడా సంచిలో పెడుతున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. హైదరాబాద్‌ పార్కులో గుండ్రంగా తిరిగి తిరిగి విసుగొచ్చిందట. తాత వాళ్ల ఊర్లో గుట్టలున్నాయి, అక్కడ ఉరుకుతామన్నారట. మస్తు సంతోషం. కానీ ఫోన్‌లో నేనేం చెప్పినా మీరు "ఊఁ" అనేసి పెట్టేస్తారు. అందుకే ఉత్తరం. బస్సులో కూర్చున్నప్పుడైనా చదువుతారని ఆశ.

ముందే ఒక మాట. నేను పీఈటీని కాదు, ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినవాణ్ని. యాభై ఎనిమిదేళ్లకు షుగరు బయటపడితే డాక్టరు నడవమన్నాడు. నడిచాను, నడక కాస్తా మెల్లగా ఉరుకుడైంది. ఇప్పుడు చెప్పేదంతా కొంత చదివి తెలుసుకున్నది, కొంత పడి తెలుసుకున్నది. పడ్డ కథ తర్వాత చెప్తా.

పొద్దున్నే వేయిస్తంభాల గుడి దగ్గర మొదలుపెడదాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అని మీకు తెలుసు, ఫోటోలు కూడా దిగారు. కానీ హన్మకొండ అప్పటికే పాత ఊరు. అక్కడి నుంచి పద్మాక్షి గుట్ట దగ్గరే. సందుల్లోంచి పోతుంటే ఇళ్ల ముందు సాన్పు చల్లుతూ కనిపిస్తారు, తడి వాకిళ్ల మీద జర నెమ్మదిగా పోవాలె. గుట్ట కింద గుండం వస్తుంది. ఆ నీళ్లు చూసేసరికి ఒళ్లు వేడెక్కి ఉంటుంది. మెట్ల మొదట్లో ఆగండి, బూట్లు విప్పండి. పైన గుడి ఉంది కాబట్టి మెట్ల మీద ఉరుకుడు లేదు. ఉత్త కాళ్లతో నడిచి ఎక్కుదాం.

పైన గుడి ముందు నాలుగు పలకల రాతి స్తంభం ఒకటి ఉంది. దాని మీద జినుల, అంటే జైన గురువులైన తీర్థంకరుల విగ్రహాలు, కింద శాసనం. అది 1117 నాటిది. కాకతి రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ ఈ గుట్ట మీద కడలాలయ బసది కట్టించింది. బసది అంటే జైనుల గుడి, వాళ్ల మునులు ఉండే మఠం కూడా. లోపల ఇప్పుడు మనం పద్మాక్షమ్మ అని మొక్కే అమ్మవారి పక్కనే తీర్థంకరుల బొమ్మలు బండలో మలిచి ఉన్నాయి. ఒక మతం వాళ్లు పోయి ఇంకో మతం వాళ్లు వచ్చారు, గుట్ట మాత్రం అదే, మెట్టు ఎక్కితే వచ్చే ఆయాసం కూడా అదే. వేయిస్తంభాల గుడి కంటే నలభై ఆరేళ్లు పెద్దది ఈ శాసనం. ఒక ఆడమనిషి పేరు ఇంత కాలం రాయి మీద నిలిచిందంటే నాకు ప్రతిసారీ ముచ్చటేస్తుంది. స్కూల్లో ప్రోలరాజు గురించి అడిగితే పిల్లలందరూ చెయ్యెత్తేవాళ్లు, మైలమ అంటే ఒక్క చెయ్యీ లేచేది కాదు.

అయితే బసది సంగతి ఉరికేవాళ్లకెందుకంటారా? అక్కడే అసలు సంగతి ఉంది.

జైన మునులు బండెక్కరు, గుర్రమెక్కరు, చెప్పులేసుకోరు. ఊరి నుంచి ఊరికి నడకే. ఎలా నడవాలో కూడా వాళ్లకు ఒక నియమముంది, ఈర్యాసమితి అంటారు. కాలి కింద చీమ కూడా నలగకూడదని, కళ్లు ముందున్న నేల మీదే పెట్టి నడవాలి. ఎంత దూరం? కాడి పొడవంత, అంటే నాలుగు మూరలు. పొద్దు పొడిచి వెలుతురు పడ్డాకే నడవాలి. నలుగురు నడిచిన బాటలోనే నడవాలి. వానాకాలం నాలుగు నెలలు అసలు తిరగకూడదు, ఒక్క చోటే ఉండాలి.

దయ మాట పక్కన పెట్టి ఉరికేవాడి కళ్లతో ఈ నియమాలు చూడండి. చీకట్లో గుట్ట మీదికి పోవద్దు, కొత్త దారి తొక్కొద్దు, వానలో బండ ఎక్కొద్దు, నాలుగు మూరల నేల చూడు. గుట్టల్లో ఉరికేవాళ్లకు నేను చెప్పాలనుకున్నవన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్క సవరణ చాలు. మునులు నడిచారు, మీరు ఉరుకుతారు, కాబట్టి నాలుగు మూరలు సరిపోవు. సాఫు దారిలో పది మూరల దూరం చూడండి. రాళ్లు ఎక్కువైతే చూపు దగ్గరికి తీసుకోండి, దాంతో పాటు వేగం కూడా దానంతటదే తగ్గాలి. చూపు దగ్గరికొచ్చి వేగం తగ్గకపోతేనే పడేది. నేను అట్లనే పడ్డాను.

చెప్తానన్నాను కదా. ఒక శ్రావణంలో, రాత్రి వాన వెలిసి పొద్దున ఆకాశం తేటగా ఉంది. గుట్ట వెనక వాలు మీద దిగుతున్నా. బండ ఆరినట్టే కనిపించింది. ఆరింది బండే, దాని మీది నాచు ఆరలేదు. కాలు పోయింది, కూర్చున్నపళంగా మూడు నాలుగు గజాలు జారిపోయాను. మోకాలి చిప్ప కింద వాచింది. ఆసుపత్రికి పోతే అక్కడ ఒకాయన "ఈ వయసులో మీకు గుట్టలెందుకు సార్" అన్నాడు. ఫీజు తీసుకుని ఆ ప్రశ్న కూడా నాకే వేసి పంపించాడు. నెలన్నర కుంటాను. మీ అమ్మమ్మ ఇప్పటికీ ఎవరొచ్చినా ఈ కథే చెప్తుంది, ప్రతిసారీ జారిన దూరం ఓ గజం పెరుగుతుంది.

మన బండ గురించి కూడా తెలియాలె. ఓరుగల్లు, ఏకశిల అని మన ఊరి పేర్లలోనే రాయి ఉంది. ఇది గ్రానైటు జాతి రాయి, భూమి లోపల కరిగి చల్లారి గట్టిపడింది. వయసు వందల కోట్ల ఏళ్లు. మీదున్న భారం కొట్టుకుపోయే కొద్దీ బండ ఉల్లిగడ్డ పొరల్లాగా పొర మీద పొర విడుస్తుంది. అందుకే మన గుట్టలకు మూలలుండవు, అన్నీ గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటాయి. విడిచిన పొరలు ఎండకు వానకు చిట్లి గరుకు ఇసుకవుతాయి. మనకు శత్రువు ఆ ఇసుకే. ఎండిన ఉత్త బండ బూటును గట్టిగా పట్టుకుంటుంది, జర వాలుగా ఉన్నా జారనివ్వదు. దాని మీద పిడికెడు గరుకు ఇసుక పడి ఉందా, పెసర గింజల మీద కాలేసినట్టే. బండ రంగు మారిన చోట అడుగు చిన్నది చేయండి. నల్లగా చారలున్న చోట నీళ్లు పారతాయి, అక్కడ అడుగే వేయొద్దు.

ఇక ఎక్కుడు, దిగుడు. ఎక్కేటప్పుడు అందరికీ భయం, దిగేటప్పుడు అందరికీ ధైర్యం. రెండూ తప్పే. ఎక్కేది గుండె, దిగేది మోకాలు. ఎక్కేటప్పుడు అలసట వెంటనే తెలుస్తుంది, ఆయాసమొచ్చి ఆపేస్తుంది. పక్కవాడితో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నామంటే వేగం ఎక్కువైనట్టే. బాగా నిటారుగా ఉన్న చోట నడవడానికి సిగ్గుపడొద్దు, అక్కడ అదే వేగంతో ఉరికితే ఇంకా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. చిన్నోడికి ఇది మింగుడు పడదు, నాకు తెలుసు.

దిగేటప్పుడు ఆయాసముండదు, హాయిగా ఉంటుంది. మోసం అక్కడే. తొడ ముందరి కండ ఒళ్లంతటి బరువును ఆపుతూ బిగుస్తుంది, బిగుస్తూనే సాగుతుంది. అట్లా బిగుస్తూ సాగినప్పుడు కండ పోగులు సన్నగా చిట్లుతాయి. ఆ రోజు ఏమీ తెలియదు. మర్నాడు, ఆ మర్నాడు తెలుస్తుంది, కుర్చీలోంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. అయితే దీనికి ఒక మంచి గుణముంది. ఒకసారి కొంచెం దిగి నొప్పి పడితే, కొన్ని వారాల దాకా అదే దిగుడుకు కండ అంత నొచ్చదు. అందుకే మొదటి రోజు చిన్న వాలు ఒక్కటే దిగుదాం, రెండు రోజులు గుట్ట జోలికి పోవద్దు, తర్వాత మీ ఇష్టం. దిగేటప్పుడు మడమను ముందుకు చాపి కొట్టొద్దు, ఆ దెబ్బ నేరుగా మోకాలికి పోతుంది. అడుగులు చిన్నవిగా, గబగబా, పాదం ఒంటి కిందనే పడాలి. నెత్తిన నీళ్ల బిందెతో కట్ట దిగే ఆడవాళ్లు అట్లనే దిగేవాళ్లు.

రెండో దారి అగ్గలయ్య గుట్ట. అది ఊరి నడుమనే ఉంది, చుట్టూ ఇళ్లు. బండకు మలిచిన తీర్థంకరులు నిలువెత్తుకు మించి నిలబడి ఉంటారు, వాళ్ల ముందు మనం చీమల్లాగా ఉంటాం. అగ్గలయ్య 11వ శతాబ్దపు జైన వైద్యుడు, కోత వైద్యంలో దిట్ట అని శాసనం చెప్తుంది. ఆయన పేరే ఈ గుట్టకు వచ్చిందంటారు. మోకాలు వాచిన నెలన్నరలో కిటికీలోంచి ఆ దిక్కు చూస్తూ, "వెయ్యేళ్లు ముందు పుట్టి ఉంటే నీ దగ్గరికే వచ్చేవాణ్నయ్యా" అనుకున్న రోజులున్నాయి. అక్కడ ఉరికే చోటు తక్కువ, చూసే చోటు ఎక్కువ. అలసట తీర్చుకునే రోజున పోదాం.

గుట్ట వద్దనుకున్న పొద్దున భద్రకాళి చెరువు కట్ట. సమంగా ఉంటుంది, గాలి వస్తుంది, నడిచేవాళ్లు ఎక్కువ కాబట్టి ఎడమకు కుడికి కోసుకుంటూ పోవద్దు. పెద్దవాళ్లు అడ్డమొస్తే "తాతా, జర పక్కకు" అనండి, తిట్టరు. గుట్టల కింద ఎక్కడ చూసినా చెరువో గుండమో ఉంటుంది, గమనించారా? బండ నీళ్లను తాగదు, పడ్డ వానంతా కిందికి విడుస్తుంది. కాకతీయుల కాలం వాళ్లు ఆ నీటికి కట్టలు వేశారు. మునులు గుట్టలు వెతుక్కున్నది కూడా అందుకే అని నా లెక్క. పైన నీడకు గుహ, కింద దప్పికకు గుండం.

తెల్లవారుజామున మైదానాల్లో ఉరికే పెద్ద పిల్లలు కనిపిస్తారు. వాళ్లది సరదా కాదు, పోలీసు ఉద్యోగం. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలని పెట్టారు. వాళ్ల దారికి అడ్డం పోవద్దు, వాళ్లతో పందెం అసలే వద్దు. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ట్రాక్ కూడా చూపిస్తా. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు అక్కడే జరిగాయి. పెద్దదానా, నీకు ప్రత్యేకంగా ఒక మాట. జీవాంజి దీప్తిది మన వరంగల్ జిల్లా కల్లెడ. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చింది. అదే ఏడు జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లలో ఉరికి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. కల్లెడ ఇక్కడికి ఎంతో దూరం కాదు.

బతుకమ్మ రోజుల్లో మాత్రం మన తొవ్వలు మారతాయి. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర, సద్దుల నాడు పద్మాక్షి గుండం దగ్గర ఇసుక వేస్తే రాలదు. ఆ సాయంత్రాలు ఉరుకుడు లేదు, పట్టుబట్టలే. మర్నాడు పొద్దున గుండం గట్టంతా తంగేడు, గునుగు పూలు నలిగి ఉంటాయి. వాటి మీద జారినంత సులువుగా నాచు మీద కూడా జారరు.

సెలవులు మిగిలితే కరీంనగర్ దిక్కు గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్టకు తీసుకెళ్తా. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో అక్కడ బండ మీద జైన దేవత చక్రేశ్వరిని, జినులను మలిపించి, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం వేయించాడు. అందులో తెలుగు కంద పద్యాలున్నాయి. బూట్లు కారులోనే ఉండనీ, అక్కడ చదువుకుంటూ ఎక్కుదాం. దారి పొడవునా సగం కోసిన గుట్టలు కనిపిస్తాయి, కేకు ముక్క కోసినట్టు నిలువునా. కరీంనగర్ గోధుమరంగు గ్రానైటుకు విదేశాల్లో గిరాకీ ఎక్కువ. ఒకప్పుడు బస్సు కిటికీలోంచి నేను గుర్తులు పెట్టుకున్న గుట్టలు కొన్ని ఇప్పుడు లేవు, వాటి చోట నీళ్లు నిలిచిన గుంతలున్నాయి. ఇంకో సెలవుల్లో రేగొండ దగ్గరి పాండవుల గుట్ట. అది ఇసుకరాయి, మన బండ కాదు, కాలికి వేరేగా తగులుతుంది. ఆదిమానవులు గీసిన బొమ్మలున్నాయి కాబట్టి చేతులు జేబుల్లో పెట్టుకుని చూడాలె.

మిగతావి గబగబా. కొత్త బూట్లు తేవద్దు, పాతవే తెండి. అరిగిన అడుగు ఉంటే మాత్రం ఇక్కడ మార్పిద్దాం. కుక్కలు వెంటపడితే ఉరకొద్దు, ఆగి నడవండి. ఉరికేదాన్నే అవి తరుముతాయి. పొదల్లోకి, బండ సందుల్లోకి చెయ్యి పెట్టొద్దు. చెవుల్లో పాటలు పెట్టుకుంటే నా వెంట రానివ్వను. అక్టోబరులో ఆరు దాటాక పొద్దు పొడుస్తుంది, అందుకని ఆరుంబావుకు ఇంట్లోంచి కదులుదాం, ఐదింటికి కాదు. వచ్చాక జొన్న అంబలి, సర్వపిండి. చిన్నోడు సర్వపిండి అంచులే తింటాడని అమ్మమ్మ ఇప్పుడే చిన్న గిన్నె ఒకటి తీసి పెట్టింది, అందులో వేస్తే అన్నీ అంచులేనట.

బస్సు ఎక్కగానే ఫోన్ చేయండి. హన్మకొండ బస్టాండులో దిగండి, నేను స్కూటర్ తీసుకుని వస్తా. సంచులు స్కూటర్ మీద పెడదాం. మీరు ఇంటి దాకా ఉరికే వస్తామంటే నేనేమీ అనను.

మీ తాత