వెస్పేసియన్ నిలబెట్టిన రోమ్

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

క్రీ.శ. 68లో నీరో చక్రవర్తి ఆత్మహత్య చేసుకున్నాక రోమ్ సామ్రాజ్యం ఎంత అల్లకల్లోలమైందో, దాన్ని ఎవరు చక్కదిద్దారో ఈ ఉత్తరంలో చెబుతాను. మరుసటి ఏడాది ముగిసేలోగా గాల్బా, ఓథో, విటెల్లియస్ వరుసగా గద్దెనెక్కారు. గాల్బా, విటెల్లియస్ హత్యకు గురయ్యారు. ఓథో యుద్ధంలో ఓడి ప్రాణం తీసుకున్నాడు. సైన్యం ఎవరిని మెచ్చితే వారిదే సింహాసనమన్న ఆ రోజుల్లో, యూదుల దేశమైన యూదయలో రోమ్‌పై తిరుగుబాటును అణచడానికి వెళ్లిన వెస్పేసియన్‌ను 69 జూలైలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగర సేనలు చక్రవర్తిగా ప్రకటించాయి. ఆయన రాజవంశీకుడు కాడు, పన్నులు వసూలు చేసిన ఒక ఉద్యోగి కొడుకు.

గెలిచాక ఆయన చేసిన పనులే నాకు యుద్ధం కన్నా ముఖ్యంగా తోస్తాయి. అంతర్యుద్ధంలో రోమ్‌లోని కాపిటోలిన్ కొండ మీద, రోమన్ల ప్రధాన దేవుడు జూపిటర్ ఆలయం కాలిపోయింది. ఆ శిథిలాలను ఎత్తేటప్పుడు మొదటి మోపు చక్రవర్తే భుజాన వేసుకున్నాడని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. ఆ మంటల్లోనే చట్టాలు, ఒప్పందాలు చెక్కిన సుమారు 3,000 కంచు పలకలు కూడా నాశనమైతే, నకళ్లు ఎక్కడున్నాయో వెతికించి వాటిని మళ్లీ చేయించాడు. రాజ్యం ఇచ్చిన మాటలన్నీ ఆ పలకల మీదే ఉన్నాయి కనుక, గుడి గోడలు లేపడం కన్నా ఇదే గొప్ప పని అని నా అభిప్రాయం. ఖజానా ఖాళీ కావడంతో పన్నులు పెంచాడు, మూత్రం మీద సైతం పన్ను వేశాడు. పిసినారి అన్న పేరు వచ్చినా, పెద్ద స్తంభాలను తక్కువ ఖర్చుతో తరలించే ఉపాయం చెప్పిన ఒక యంత్రకారుడికి బహుమతి ఇచ్చి, కూలిజనం పొట్ట నింపుకోనివ్వమంటూ ఆ యంత్రాన్ని మాత్రం వద్దన్నాడట.

అయితే ఈ శాంతి అందరికీ దక్కలేదు. 70లో ఆయన కుమారుడు టైటస్ జెరూసలేమును ముట్టడించి పట్టుకున్నప్పుడు అక్కడి యూదుల ప్రధాన దేవాలయం కాలిపోయింది. వేలాదిమంది చనిపోయారు, బానిసలయ్యారు. నీరో సౌధంలోని సరస్సు ఉన్న చోట వెస్పేసియన్ మొదలుపెట్టిన కొలోసియం అనే పెద్ద క్రీడారంగం ఆ యుద్ధంలో కొల్లగొట్టిన సొమ్ముతోనే లేచిందని చరిత్రకారులు భావిస్తున్నారు. యూదులు అంతకుముందు తమ దేవాలయానికి ఏటా చెల్లించిన కానుకను, ఇకపై రోమ్‌లోని జూపిటర్ ఆలయం పేరిట పన్నుగా కట్టాలని వెస్పేసియన్ ఆజ్ఞాపించాడు.

మీ తాతయ్య