కడపలో ఉండి అంతరిక్షం తీసేవాడి మీద అపోహలు

అంతరిక్ష ప్రయోగాల మీద డాక్యుమెంటరీలు తీస్తానని చెబితే ఏడు రోడ్ల కాడ టీ తాగే పెద్దాయన అడిగే మొదటి ప్రశ్న: "ఎన్నిసార్లు పైకి పోయొచ్చినావప్పా?"

పైన కెమెరా పట్టేది వ్యోమగాములే. 1984లో నాసా వాళ్ల స్పేస్ షటిల్‌లోకి, పెద్ద తెర సినిమాలు తీసే ఐమాక్స్ కెమెరా ఎక్కినప్పుడూ అంతే. వెయ్యి అడుగుల రీలు మూడు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి ఏ షాటు ఎప్పుడు తీయాలో కిందనే నేర్పి పంపారు. మనం పోయేది రాజంపేట, కోడూరు, రేణిగుంట మీదుగా, శ్రీహరికోట రాకెట్ కేంద్రం పక్కనుండే సూళ్లూరుపేట దాకా.

అపోహ: రాకెట్ లేచేది తీస్తే సగం సినిమా అయినట్టే.

వాస్తవం: అది ఊళ్లో అందరి ఫోన్లలోనూ ఉంది. అయినా తీయడం సులువేం కాదు. కెమెరాను ఆటో మోడ్‌లో వదిలారా, ఘన ఇంధనం మంట ఒట్టి తెల్లమచ్చ అయిపోతుంది, లేదంటే చుట్టూ అంతా చీకటి పడుతుంది. ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుతురు, ముందే చేత్తో తగ్గించి పెట్టుకోవాలి. ఇక శబ్దం. ఐదు కిలోమీటర్ల దూరంలో నిలబడితే మంట కనిపించిన దాదాపు 15 సెకన్లకు గానీ చెవికి చేరదు. ఎడిటింగ్‌లో చాలామంది రెంటినీ జరిపి కలిపేస్తారు. నాకది నచ్చదు. ఆ 15 సెకన్లు జనం నోరు తెరుచుకుని చూస్తుంటారు. వాళ్ల మొహాలే నాకు కావాల్సింది.

వాయిదాలు సరేసరి. చంద్రయాన్-2 2019 జులై 15న ఇంకా 56 నిమిషాలుందనగా ఆగి, 22న లేచింది. ఇట్లాంటి వారం లాడ్జి అద్దె బడ్జెట్‌లో రాసుకోకపోతే జేబులోంచే పోతుంది.

అపోహ: టీవీలో చూసిందంతా అసలు దృశ్యమే.

వాస్తవం: 2023 ఆగస్టు 23 సాయంత్రం 6:04కు చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగుతుంటే మనం చూసింది కంట్రోల్ రూము, డేటాతో కదిలే యానిమేషన్. ల్యాండర్ కెమెరా తీసిన వీడియోను ఇస్రో మరుసటి రోజు విడుదల చేసింది. డాక్యుమెంటరీలో ఏది బొమ్మో, ఏది కెమెరాదో తెరమీదే రాయాలి. ఇందులో మొహమాటం లేదు.

అపోహ: నాసా ఫుటేజి ఫ్రీ, ఎట్లయినా వాడుకోవచ్చు.

వాస్తవం: నాసా సొంతంగా తీసినదానికి మామూలుగా కాపీరైట్ ఉండదు. అయితే లోగో, వ్యోమగామి మొహం పెట్టి సరుకు అమ్ముకోవడానికి అది వర్తించదు. ఆ వీడియోల్లో పాట వేరేవాళ్లదైతే అది వేరే తగాదా. ఇస్రో షరతులు వేరు, విడిగా చదువుకోవాలి.

ఫిజిక్సు చదివుండాలా? అక్కర్లేదు. అర్థం కాకపోతే ఇంజనీరును సిగ్గుపడకుండా అడగాలి, అంతే. ఉపగ్రహాలను పంపడానికి మనవాళ్లు కట్టిన మొదటి రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 1979 ఆగస్టు 10న బంగాళాఖాతంలో పడింది, మరుసటి ఏడు జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ మధ్య పదకొండు నెలలు ఏం జరిగిందో ఫైళ్లలో కన్నా మనుషుల నోట బాగా వినిపిస్తుంది. రాకెట్ మళ్లీ లేస్తుంది, ఆ పెద్దవాళ్లు ఎంతకాలం ఉంటారో!

సంపాదన సంగతంటారా, పెళ్లి వీడియోలే అన్నం పెడుతున్నాయి. ప్రయోగం వాయిదా పడుతుంది గానీ ముహూర్తం పడదు. అందుకే పెళ్లివాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకునేటప్పుడే ఇంకొక కెమెరామన్ పేరు కూడా చెప్పి పెడతాను.