గుంతకల్లు ఎండలో గొట్టపు దారి

మా గుంతకల్లులో ఒకప్పుడు మద్రాసు–బొంబాయి లైను బ్రాడ్ గేజి. హుబ్లీ వైపు, బెంగళూరు వైపు పోయేవి మీటరు గేజి. ఒకదాని వెడల్పు 1,676 మిల్లీమీటర్లు, ఇంకోదానిది 1,000. ఒక దారి బండి రెండో దారిలో నడవదు కాబట్టి సరుకు దించి మళ్లీ ఎక్కించాల్సిందే. పట్టాల మధ్య ఆ రెండడుగుల తేడా బరువంతా హమాలీల వీపుల మీద పడింది.

హైపర్‌లూప్ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ మూటలే గుర్తొస్తాయి. పెద్ద ఉక్కు గొట్టం వేసి, లోపలి గాలిని దాదాపుగా తోడేస్తారు. గాలి అడ్డు తగ్గితే పాడ్, అంటే మనుషులు కూర్చునే పెట్టె, విమానంలా దూసుకుపోతుంది. 2013లో ఎలాన్ మస్క్ విడుదల చేసిన పత్రంలో లోపలి పీడనం బయటి గాలిలో వెయ్యో వంతు. అంటే గొట్టం ప్రతి చదరపు మీటరు మీదా బయటి గాలి సుమారు 10 టన్నుల బరువుతో నొక్కుతూనే ఉంటుంది. చిన్న సందు దొరికినా లోపలికి దూరుతుంది.

ప్రయోగాలు మాత్రం ఎవరివి వాళ్లవే. నెదర్లాండ్స్‌లోని వీన్‌డమ్‌లో 420 మీటర్ల గొట్టం ఉంది. మన ఐఐటీ మద్రాసు వాళ్లది తైయూరులో 422 మీటర్లు. అమెరికాలోని నెవాడాలో 2020లో వర్జిన్ హైపర్‌లూప్ కంపెనీ వేసిన 500 మీటర్ల గొట్టంలో ఇద్దరు మనుషులు గంటకు 172 కిలోమీటర్ల వేగంతో వెళ్లారు. ఆ కంపెనీ 2023 చివర్లో మూతపడింది. కంపెనీ పోతే దాని కొలతలు, అనుభవం పదిమందికీ ఎలా అందుతాయి? యూరప్ ప్రమాణాల సంస్థలు 2020లోనే ఉమ్మడి కమిటీ వేసుకున్నాయి. గొట్టం వెడల్పు, పీడనం, తలుపులు అన్ని దేశాలకూ ఒకేలా ఉండాలన్న ఆ చర్చలో మనవాళ్లు ఇప్పుడే కూర్చోవాలి. ఎందుకంటే మన ఎండ సంగతి మనమే చెప్పాలి.

మే నెలలో మా ఇంటి ఇనుప గేటు గడియ పొద్దున సులువుగా పడుతుంది, మధ్యాహ్నం రెండింటికి పడదు. గేటు సాగి, గడియ రంధ్రం పక్కకు జరిగిపోతుంది. ఉక్కు 30 డిగ్రీలు వేడెక్కితే కిలోమీటరుకు 36 సెంటీమీటర్లు సాగుతుంది. గుంతకల్లు నుంచి గుత్తి దాకా గొట్టం వేస్తే మొత్తం సాగుదల 10 మీటర్ల దాకా వస్తుంది. రైలు పట్టాలనైతే స్లీపర్లు, కంకర బిగించి పట్టుకుంటాయి. గొట్టం అతుకులు మాత్రం సాగాలి, గాలి చొరబడకూడదు, ఏళ్ల తరబడి రోజూ అదే పని చేయాలి. నాకు అన్నిటికంటే కష్టమైన చిక్కు ఇదే అనిపిస్తుంది.

అనంతపురం బయట బోడి నేలమీద వంద మీటర్ల గొట్టం వేసి, అతుకుల కదలికను గంటగంటకూ ఏడాదంతా కొలవొచ్చు. ఆ లెక్కలు తైయూరుకీ, వీన్‌డమ్‌కీ ఒకేసారి పంపొచ్చు.