తప్పు రాయిదేనా?

ప్రియమైన పిల్లలకు, ఆశీస్సులు.

సాన పట్టే మిషన్ మీద ఉలి ఆనించగానే చేతికి టకటకా తగులుతోందంటే రాయి సరిగ్గా గుండ్రంగా తిరగడం లేదన్నమాట. వెంటనే డ్రెస్సర్ (రాయిని చెక్కి గుండ్రం చేసే, వజ్రపు మొన ఉన్న పనిముట్టు) తీసుకుని రాయిని చెక్కేయాలనిపిస్తుంది. కాస్త ఆగండి. నా కుర్రతనంలో అలాగే చెక్కుకుంటూ పోయి ఒక కొత్త రాయిని బాగా అరగదీశాను. ఊపు మాత్రం పోలేదు. ఆ రాయి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ముందు ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు. టూల్ రెస్ట్ (రాయి ముందు ఉలి ఆనించే పీట) మీద పెన్సిల్ కదలకుండా పట్టుకుని, మొన రాయికి తగిలీ తగలనట్టు ఉంచి, రాయిని చేత్తో మెల్లగా తిప్పండి. ఎత్తుగా ఉన్న చోటే గీత పడుతుంది. రాయి పక్కన కూడా అలాగే చూడండి. అంచు ఎగరడం వేరు, రాయి పక్కలకు ఊగడం వేరు. అంచు ఎగురుతుంటే చెక్కి సరిచేయవచ్చు. పక్కలకు ఊగుతుంటే మాత్రం చాలాసార్లు లోపం బిగింపులోనే దొరుకుతుంది.

ఇప్పుడు నట్ విప్పండి. రెండు రాళ్ల మిషన్‌లో ఎడమవైపు నట్‌కి మర తిరగేసి ఉంటుంది, మామూలు నట్‌ని బిగించే వైపు తిప్పితేనే విడుతుంది, బలవంతం చేయకండి. రాయికి రెండు పక్కలా ఉన్న ఫ్లాంజ్‌లను, అంటే రాయిని నొక్కి పట్టే లోహపు బిళ్లలను, శుభ్రంగా తుడవండి. ఫ్లాంజ్ వ్యాసం 50 మి.మీ., రాయిది 150 మి.మీ. అనుకోండి. ఫ్లాంజ్ అంచు కింద 0.1 మి.మీ. నలుసు ఇరుక్కున్నా, రాయి అంచు దగ్గర ఊపు దాదాపు 0.3 మి.మీ. అవుతుంది. ఒక్క నలుసుకి అంత!

తుడిచినా ఊపు పోకపోతే, రాయిని షాఫ్ట్ మీద పావు వంతు తిప్పి మళ్లీ బిగించి, గీత పెట్టి చూడండి. ఎత్తు రాయితోపాటు జరిగితే లోపం రాయిది. షాఫ్ట్‌తోనే ఉండిపోతే షాఫ్ట్‌దో ఫ్లాంజ్‌దో. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష ఇది, ఎందుకంటే ఇందులో ఊహకు చోటు లేదు.

రాయి ఎలాగూ చేతిలోకి వచ్చింది కాబట్టి, పొడిగా ఉన్నప్పుడు మధ్య రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మెల్లగా తట్టండి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా మోగితే పగులు ఉండవచ్చు, దాన్ని మళ్లీ ఎక్కించవద్దు. బిగించేటప్పుడు పేపర్ వాషర్లు మర్చిపోకండి. నట్‌ని మరీ గట్టిగా బిగించినా రాయి పగలవచ్చు.

గార్డ్ పెట్టి ఆన్ చేశాక ఒక నిమిషం పాటు రాయికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి. అప్పటికీ అంచు ఎగురుతుంటే ఇక డ్రెస్సర్ పట్టండి. కళ్లద్దాలు, మాస్క్ పెట్టుకుని, వజ్రపు మొనను ఎత్తు మీద తగిలీ తగలనట్టు అటూ ఇటూ నడపండి. చప్పుడు తెగుతూ తెగుతూ వస్తుంది. అది ఆగకుండా ఒకే తీరున వినిపించిందంటే మొన చుట్టూ తగులుతోందని అర్థం. అక్కడే ఆపేయండి.

చెక్కాక రాయి చిన్నదవుతుంది కాబట్టి, మిషన్ ఆపి, టూల్ రెస్ట్‌ని మళ్లీ దగ్గరకు జరపండి. మధ్య సందు 3 మి.మీ. దాటకూడదు.

ఇట్లు,
మీ తాతయ్య